మేకు నేర్చిన పని

సోఫా మేస్త్రీ నోరు మంచిది కాదు. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. పాత సోఫాల గుడ్డ విప్పి, స్ప్రింగులు బిగించి, కొత్త గుడ్డ తొడగడంలో ఆ చుట్టుపక్కల అతని చేతికి వంక పెట్టినవాడు లేడు. నోటికి మాత్రం పెట్టనివాడు లేడు. సోఫా తెచ్చిన మనిషిని మొహం మీదే, "దీని మీద కూర్చున్నారా, దున్నారా?" అని అడిగే రకం. అయినా జనం వచ్చేవారు. తిట్లు తిని, సోఫా బాగుచేయించుకుని, ఇంటికెళ్ళి హాయిగా కూర్చుని అతన్ని తిట్టుకునేవారు.

ముందు కొట్టు, వెనక భార్య కుట్టుమిషను పెట్టుకునే గది, ఆ వెనక వీళ్ళిద్దరూ ఉండే గది, దాని వెనక పెరడు. పైన కొంప అద్దెకిచ్చిన ఇంటావిడ, ఆవిడ మనవలు. ఆ కొంపలోకి మేకు వచ్చిన తీరు కూడా విచిత్రమే. ఎవడో ఊరు మారుతూ సోఫా బాగుచేయించుకున్నాడు. సోఫాను బండి ఎక్కించుకుని పోయాడు, దానితోపాటు తెచ్చిన కుక్కపిల్లను బల్ల కింద వదిలేసి పోయాడు. మరిచిపోయాడో, వదిలించుకున్నాడో వాడికే తెలియాలి. ఫోన్ చేస్తే ఎత్తడు. నల్లటి ఒళ్ళు, తెల్లటి మెడ, ఒకచోట నిలవని కళ్ళు. మేస్త్రీ పంట్లాం అంచు పట్టుకుందంటే ఈడ్చుకుపోయినా వదిలేది కాదు. "మేకులా దిగిందే ఇది" అన్నాడు మేస్త్రీ. అదే పేరైంది.

పాత సోఫా విప్పడానికి ఒక వరస ఉంది. ముందు కింద పిన్నులతో కొట్టిన నల్లటి అడుగు గుడ్డ తీయాలి. తర్వాత వీపు గుడ్డ, ఆపైన చేతులు, ఆఖరున కూర్చునే చోటు. వరస తప్పితే గుడ్డ చిరుగుతుంది, చిరిగిన గుడ్డ కొత్తదానికి కొలతగా పనికిరాదు. మొదలుపెట్టే ముందు మేస్త్రీ చట్రం మీద సుత్తితో టక్ టక్ అని రెండు దెబ్బలు వేస్తాడు, చెక్క గట్టిగా ఉందో లేదో వినడానికి. కొట్లో పనిచేసినవాళ్ళకి ఆ రెండు దెబ్బలే ఆజ్ఞ. వినపడగానే వంగి అడుగు గుడ్డ పట్టుకోవాలి. పట్టుకున్నాక ఎవరు పిలిచినా తల ఎత్తకూడదు. అది మేస్త్రీ పట్టింపు.

పాలపళ్ళు ఊడే రోజుల్లో కుక్కపిల్లకి ఏదో ఒకటి కొరకాలి. మేస్త్రీ ఏ రబ్బరు బంతో పడేసి ఉంటే ఈ గొడవే లేదు. ఈ మహానుభావుడు పాత సోఫా పడేశాడు. రెండు దెబ్బలు వేయగానే మేకు సోఫా కిందకి దూరి, అడుగు గుడ్డ కొస పట్టుకుని, పిన్నులు టపటపా ఊడేలా లాగేది. మధ్యలో వీధిలో పోయే సైకిలు వంక చూస్తే, "తల దించు" అనేవాడు. దించేది. అంతా అయ్యాక మేస్త్రీ దాని మెడ కింద గోకుతూ, "నా పరువు నిలబెట్టావురా" అనేవాడు. కట్టుకున్నదాన్ని కూడా ఏనాడూ అంత మెత్తగా మెచ్చుకోలేదు. ఆవిడ లోపల మిషను ముందు దారం తెంపుకుంటూ, "మాకు లేని యోగం" అని గొణుక్కునేది.

ఏడాది నిండేసరికి మేకుని పట్టడం ఎవరి తరమూ కాలేదు. కొట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి కొట్లోకి, మధ్యలో దారపు కండెలన్నీ దొర్లించుకుంటూ ఒకటే పరుగు. ఒకరోజు ఇంటావిడ మనవలు పెరట్లో ఆడుకుంటుంటే చుట్టూ తిరిగి తిరిగి అందరినీ నీళ్ళతొట్టి మూలకి చేర్చి నిలబెట్టింది. కరవలేదు, మొరగలేదు. ఒళ్ళు వంచి, కళ్ళు వాళ్ళ మీదే పెట్టి, ఎవరు కదిలితే వాళ్ళకి అడ్డం వెళ్ళింది. పిల్లలు బావురుమన్నారు.

సూది వేయడానికొచ్చిన పశువుల డాక్టరు అప్పటికే చెప్పాడు. "ఇది గొర్రెలు కాసే జాతి. దీనికి పరుగు కావాలి, బుర్రకి పని కావాలి. మీరివ్వకపోతే అదే వెతుక్కుంటుంది. ఈ ఈడులో మరీను."

"నాకూ పని కావాలి. నాకెవడిస్తున్నాడు?" అన్నాడు మేస్త్రీ.

అసలు కొంప ముంచింది పళ్ళ డాక్టరు సోఫా. ఆస్పత్రి ముందుగదిలో వేసుకునే పొడుగాటి సోఫా, మేస్త్రీ ఒళ్ళు హూనం చేసుకుని కొత్త తోలు తొడిగాడు. పళ్ళ డాక్టరు వచ్చి, కూర్చుని చూసి, సంతోషంగా దాని చేతి మీద రెండుసార్లు చరిచి, "భేషుగ్గా ఉంది" అన్నాడు. ఇద్దరూ బండి మాట్లాడటానికి వీధి చివరికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి సోఫాకి చెక్కా స్ప్రింగులూ మిగిలాయి. తోలంతా ఒక పక్కన కుప్ప. పక్కన మేకు, మెడ గోకించుకోవడానికి సిద్ధంగా.

ఆ రోజు లేచిన అరుపులకి ఇంటావిడ మెట్లు దిగి వచ్చింది. "నెలాఖరుకి ఈ కుక్కయినా పోవాలి, మీరైనా పోవాలి. మీకు చేతకాకపోతే నేనే కుక్కల బండిని పిలుస్తాను" అంది. ఆ బండి ఎక్కిన కుక్క మళ్ళీ కనబడదని వీధిలో అందరికీ తెలుసు. మేస్త్రీ ఏదో అనబోయాడు. నోరు పెగల్లేదు. అతని జన్మలో అది మొదటిసారి అయ్యుంటుంది.

"మా తమ్ముడికి ఇద్దాం" అంది భార్య ఆ పూట అన్నం దగ్గర. "మంద ఉంది, మైదానం ఉంది. డాక్టరు చెప్పింది అదేగా."

"వాడికా? బండికైనా ఎక్కిస్తాను గానీ వాడికివ్వను."

"ఆ మాట మేకు మొహం చూసి అనండి."

అనలేదు. కంచం తోసేసి లేచిపోయాడు.

ఆ తమ్ముడు మీసాలు రాకముందే ఈ కొట్లో పనికి చేరాడు. బావ దగ్గర పని నేర్చుకుంటాడని తల్లే తెచ్చి అప్పగించింది. కొన్నేళ్ళు తల దించుకుని పనిచేశాడు. ఒకరోజు ఆ తల్లి చాన్నాళ్ళకి కొడుకుని చూడటానికొచ్చి గుమ్మంలో నిలబడింది. కొడుకు తల ఎత్తాడు. చేతిలో ఉలి జారి ఎవరిదో తోలు సోఫా మీద గీత పడింది. మేస్త్రీ అత్తగారని కూడా చూడకుండా ఆవిడ ముందే, "నీకు చెయ్యి లేదు. పోయి గొర్రెలు కాచుకో" అన్నాడు. కుర్రవాడు ఉలి కింద పెట్టి, అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళి నిజంగానే గొర్రెలు కాచుకున్నాడు. అప్పట్నుంచీ బావా బావమరుదుల మధ్య మాటల్లేవు. మేస్త్రీ భార్య తమ్ముణ్ణి చూడాలంటే తానే వెళ్ళి రావాలి, వచ్చాక మొగుడి ముటముటలు భరించాలి.

కాబట్టి మేస్త్రీ వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. వెతకడం అంటే వచ్చినవాళ్ళని తరిమేయడం. కొట్టు తలుపు మీద కాగితం అంటిస్తే జనం రానే వచ్చారు. మొదట ఉద్యోగం మానేసి ఇంటిపట్టునుంటున్న లెక్కల మాస్టారు.

"రోజూ నడుస్తారా?" అని అడిగాడు మేస్త్రీ.

"గేటుదాకా నడుస్తానండి."

"అయితే మీకు కుక్కెందుకు? ముక్కాలిపీట చాలు."

"ఏమండీ, కాస్త నోరు మూసుకుంటారా?" అని లోపల్నుంచి వినపడింది. మాస్టారిది విడిగా ఉన్న ఇల్లు, చుట్టూ తోట. సరే, ఇచ్చారు. మర్నాడే మేకు చిన్న బండిలో తిరిగొచ్చింది. పక్కనే మాస్టారి సోఫా, గుడ్డ లేకుండా.

"నేనేమీ అనలేదయ్యా. ప్రేమగా సోఫా తట్టి, రా, వచ్చి కూర్చో అన్నాను. అంతే. కిందకి దూరింది. ఇల్లంతా పిన్నులు" అన్నాడు మాస్టారు.

"ఊడదీశాక గదా తెలిసింది, మీ సోఫా ఎంత నాసిరకమో" అన్నాడు మేస్త్రీ. అయినా దాన్ని బాగుచేయక తప్పలేదు.

రెండోవాడు వ్యాయామశాల కోచ్. ఒంటి నిండా కండలు. రోజూ ఊరంతా పరిగెడతానన్నాడు. మేస్త్రీకి మొదటిసారి మనిషి నచ్చాడు, నచ్చాడని చెప్పకుండా, "చూద్దాం, నువ్వు దీన్ని పరిగెత్తిస్తావో, అదే నిన్ను పరిగెత్తిస్తుందో" అన్నాడు. అదే పరిగెత్తించింది. ఇంటికి చేరి కోచ్ సోఫాలో కూలబడి, రొప్పుతూ, పక్కన చోటు చూపించి రెండుసార్లు తట్టాడట. ఆ మర్నాడు బండి మళ్ళీ వచ్చింది.

"మా ఆవిడ సోఫా కావాలో కుక్క కావాలో తేల్చుకోమంది" అన్నాడు కోచ్, తల వంచుకుని.

"తేల్చుకోవడానికి రాత్రంతా పట్టిందా? పో అవతలికి."

కోచ్ తెచ్చిన సోఫాని మేస్త్రీ బోర్లించి చూస్తే గుడ్డ మీద పంటిగాటు లేదు. అడుగు గుడ్డ మడత పెట్టుకోవచ్చు, అంత చక్కగా వచ్చింది. ఇంకొకడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. మన మేస్త్రీకి కోపం వచ్చిందంటే కళ్ళముందున్నది కనపడదు. "నా తిండి తిని నా కొంపకే ఎసరు పెట్టావు" అని మేకుని బల్లకోడుకి గొలుసేసి కట్టేశాడు. అది ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. తిరిగి తిరిగి నేల మీద గోళ్ళతో గీతలు పెట్టింది. వీధిలోవాళ్ళు దానికి పిచ్చెక్కిందన్నారు. ఇంటావిడ పైనుంచి కిందికి చూసి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

మేస్త్రీ భార్య కూడా ఫోన్ తీసుకుంది. మొగుడికి చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడితే మేస్త్రీ తల ఎత్తకుండానే, "ఏం సోఫా?" అన్నాడు.

"సోఫా కాదు, కుక్క."

ఆ గొంతు గుర్తుపట్టి తల ఎత్తాడు. బావమరిది. ఎండకి నల్లబడి, భుజాలు వెడల్పై, గడపకి అవతలే నిలబడ్డాడు.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"నువ్వు రమ్మనలేదులే. భయపడకు, నీ కోసం రాలేదు."

కొట్లో ఉన్నన్నాళ్ళూ 'మీరు' అన్నవాడు, ఇప్పుడు 'నువ్వు' అన్నాడు. మేస్త్రీకి అది చెంపదెబ్బలాగే తగిలింది. భార్య మిషను ఆపి గుమ్మంలోకొచ్చి, "లోపలికి రారా" అంది. వచ్చాడు. విప్పాల్సిన పాత సోఫా ఒకటి మధ్యలో ఉంది. దాని పక్కనే కూర్చుని మేకు మెడలో గొలుసు తీసేశాడు. మేకు అతని చేతులు వాసన చూసింది. చూసి, చూసి, వదల్లేదు. గొర్రెల వాసన కాబోలు.

"మనుషుల మధ్య ఉండే కుక్కని ఇలా కట్టేస్తారా?" అన్నాడు బావమరిది.

"నా కుక్క, నా గొలుసు. ఎన్నేళ్ళయినా నీకు బుద్ధి రాలేదు. నా కొట్లోకొచ్చి నాకే పాఠాలు చెప్పకు" అంటూ మేస్త్రీ చేతిలో సుత్తితో సోఫా చట్రం మీద కొట్టాడు. కోపంతో కొట్టాడు గానీ చేతికి అలవాటు ఎక్కడికి పోతుంది. టక్ టక్. సరిగ్గా రెండు.

మేకు వంగింది. బావమరిదీ వంగాడు. ఇద్దరూ ఒకేసారి, ఇద్దరూ అడుగు గుడ్డ మీదకి. ఒకరి నోరు ఒక కొసన, ఒకరి చెయ్యి ఇంకో కొసన.

మేస్త్రీ భార్యకి నవ్వొచ్చింది. తమ్ముడి మొహం చూసి నవ్వు ఆగిపోయింది. అతను తన చేతిని తానే అసహ్యంగా చూసుకుంటున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత, ఇంత దూరం వెళ్ళాక, ఆ దెబ్బకి తన వీపు ఇంకా వంగుతుందని అతనికి అప్పుడే తెలిసింది. గుడ్డ వదిలేసి వెనక్కి జరిగాడు. మేకు మాత్రం ఆగలేదు. అడుగు గుడ్డ లాగేసి, వీపు పట్టింది. వీపయ్యాక కుడి చెయ్యి.

"ఇది చింపడం లేదు బావా" అన్నాడు బావమరిది నెమ్మదిగా. "విప్పుతోంది. నీ వరసలో."

మేస్త్రీ ఊడిపడిన అడుగు గుడ్డ ఎత్తి చూశాడు, ఎక్కడా చిరుగు లేదు.

"ఆ ఇళ్ళల్లో ఏం జరిగిందో అక్క చెప్పింది. సోఫా తట్టారా వాళ్ళు?"

"తట్టారు" అంది భార్య. "కుక్కని పిలిచి కూర్చోబెట్టుకోవాలని తట్టారు."

"పళ్ళ డాక్టరూ తట్టే ఉంటాడు. తట్టగానే ఇది పని మొదలెట్టింది. ప్రతి ఇంట్లోనూ చెప్పిన పని చెప్పినట్టు చేసింది. చేసినందుకు తన్ని తరిమారు. తెచ్చి నీకిస్తే గొలుసేశావు." అతని గొంతు పెరిగింది. "నేర్పింది నువ్వు. తిట్లు తిన్నది ఇది. నీ దగ్గర పని నేర్చుకున్నవాడి గతి ఎప్పుడూ ఇంతే."

"నీకూ దీనికీ పోలికేంటి? దీనికి పని వచ్చింది."

"అవును. నాకు చెయ్యి లేదన్నావు. దీనికి అసలు చేతుల్లేవు బావా, నాలుగూ కాళ్ళే. అయినా దీన్ని మెచ్చుకున్నావంట. మెడ కింద గోకావంట." అతను లేచి నిలబడ్డాడు. "మా అమ్మ ముందు ఒక్కసారి అలా మెచ్చుకునుంటే నీ కొట్లోనే చచ్చేదాకా పడుండేవాణ్ణి."

మేకు ఎడమ చేతి గుడ్డ కూడా ఊడదీసింది. మేస్త్రీ వంగి నేల మీద పిన్నులు ఏరడం మొదలుపెట్టాడు.

"తీసుకెళ్తాను" అన్నాడు బావమరిది. "నీ కోసం కాదు. నా దగ్గర సోఫాల్లేవు, కూర్చోడానికి బండరాళ్ళున్నాయి. వాటిని తట్టినా విప్పడానికేం లేదు. వీడికి పని వచ్చు, చోటే తప్పు. ఒక్కటే షరతు. నువ్వు రావద్దు. నీ సుత్తి చప్పుడు చెవిన పడితే వీడు మందని వదిలేస్తాడు. మా మంద పక్కనే లారీలు పోయే రోడ్డుంది."

"నేనెందుకొస్తాను నీ గొర్రెల కంపుకి? తీసుకుపో" అన్నాడు మేస్త్రీ. మేకు వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది. అతను తల ఎత్తలేదు. పనిలో ఉన్నట్టు, చేతికి దొరికిన సోఫా కాలుని ఊరికే రుద్దుతూ కూర్చున్నాడు.

తర్వాత కొట్టు బోసిపోయింది. ఇంటావిడ చల్లబడింది, పళ్ళ డాక్టరు సోఫా తయారైంది, మేస్త్రీ మాత్రం ఇంకా చెడ్డవాడయ్యాడు. సోఫా తెచ్చినవాళ్ళని కసిరాడు, గుడ్డ తెచ్చినవాళ్ళని కసిరాడు. చట్రం మీద రెండు దెబ్బలు వేసి అలవాటుగా పక్కకి చూసేవాడు. ఎవరూ వంగేవారు కాదు. తానే వంగి, నడుం పట్టుకుని, అడుగు గుడ్డ పీకేవాడు. ఏడుపొచ్చేది. వచ్చిందని ఒప్పుకోడు గానీ వచ్చేది.

"వాడు దాన్ని చూసుకుంటున్నాడో లేదో" అన్నాడు ఒకరోజు.

"చూసుకుంటున్నాడు."

"నువ్వు చెప్తే సరిపోయిందా? నా కుక్క అది. నేను పిలిస్తే వస్తుంది. రాకపోతే అప్పుడు చెప్పు." చొక్కా తొడుక్కుని, పంట్లాం జేబులో సుత్తి దోపుకున్నాడు. ఆవిడ ఆ సుత్తిని చూసింది. చెప్పులేసుకుని వెంట నడిచింది.

బస్సు దిగి మట్టిదారి పట్టుకుని వెళ్తే పెద్ద గడ్డిమైదానం, దాని అంచున అక్కడక్కడా తెగిన కంచె, కంచె అవతల రోడ్డు. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. బావమరిది ఇవతల గొర్రెల దొడ్డికున్న చిన్న గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. మంద మైదానం అవతలి కొస నుంచి వస్తోంది. దాని వెనక మేకు. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, పొట్ట నేలకి ఆనించి, లేచి, మళ్ళీ ఆనించి. ఒక పొగరుబోతు పొట్టేలు రోడ్డు వైపు తిరిగితే ముందుకెళ్ళి దాని కళ్ళలోకి చూసింది. పొట్టేలు మనసు మార్చుకుంది. కొట్లో దారపు కండెలు దొర్లించిన కుక్క ఇదేనా అనిపించింది మేస్త్రీకి.

జేబులోంచి సుత్తి తీశాడు. పక్కనే గేటు కట్టిన చెక్కస్తంభం. రెండు దెబ్బలు చాలు.

బావమరిది చూశాడు. గేటు వదిలితే మంద చెదురుతుంది, వదలకపోతే బావని ఆపలేడు.

"కొట్టు" అన్నాడు పళ్ళు బిగించి. "వస్తాడు. నీ కుక్కేనని తేలుతుంది. గొర్రెలు రోడ్డెక్కుతాయి. వాటి వెనక వీడూ ఎక్కుతాడు. కొట్టు బావా, నీకు గెలవడం ముఖ్యం గదా. చేతికి అలవాటేగా, కొట్టు."

మేస్త్రీ చెయ్యి పైనే ఉంది. మేకు అతనికి చాలా దగ్గరగా, మంద పక్క నుంచి వచ్చింది. గాలి అటే వీస్తోంది, వాసన తగలకుండా ఉండదు. చెవి ఒకటి ఇటు తిరిగింది. తల తిరగలేదు. కళ్ళు గొర్రెల మీదే పెట్టుకుని ముందుకు సాగిపోయింది.

ఆఖరి గొర్రె గేటు దాటింది. బావమరిది గేటు వేసి గొళ్ళెం పెట్టాడు. అప్పుడు గానీ మేస్త్రీ చెయ్యి కిందకి దిగలేదు. సుత్తిని తిప్పి, పిడి అవతలికి ఉండేలా గేటు మీంచి చాపాడు.

"ఇది నీ దగ్గరుంచు. నా చేతిలో ఉంటే ఎప్పుడో ఒకరోజు వచ్చి కొడతాను."

బావమరిది కాసేపు దాని వంక చూశాడు. ఒకప్పుడు ఆ సుత్తిని ముట్టుకోనిచ్చేవాడు కాదు మేస్త్రీ. తీసుకుని నడుముకి దోపుకున్నాడు. థాంక్స్ అనలేదు, ఇంట్లోకి రమ్మనలేదు. మేస్త్రీ కూడా అడగలేదు. అక్క తమ్ముడి భుజం తట్టి వచ్చేసింది.

మట్టిదారిలో సగం దూరం వచ్చాక ఆవిడ ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూసింది. మేకు గేటు అవతల గొర్రెల చుట్టూ తిరుగుతూనే ఉంది.

"అంత పెంచాం. ఒక్కసారైనా తల ఎత్తి మనవైపు చూడలేదేమండీ" అంది, ఏడుపు గొంతుతో.

మేస్త్రీ ఆగలేదు, వెనక్కి చూడలేదు.

"పనిలో ఉన్నాడు" అన్నాడు.